వెంటిలేటరులోంచి గంగాళం

వంట మృత్యుంజయాన్ని దొంగతనం కేసులో పట్టుకెళ్ళారని తెలిసిన రోజున మా అద్దరిపేట ఊరు మొట్టమొదట అడిగిన ప్రశ్న, "అయితే శుక్రవారం పెళ్ళికి పులిహోర ఎవరు కలుపుతారు?" అని. ఏం ఎత్తుకెళ్ళాడని అడిగినవాళ్ళు ఆ తర్వాత వచ్చారు. అసలు ఎత్తుకెళ్ళాడా అని అడిగినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. ఆ ప్రశ్న అడగడానికి ఫీజు పుచ్చుకునేవాణ్ణి నేనొకణ్ణి ఉన్నాను కదా అని కాబోలు, ఆ పని నాకే వదిలేశారు. నేను ఇక్కడి కోర్టులో ప్లీడరీ చేస్తున్నాను.

పొద్దున్నే అతని భార్య భ్రమరాంబ గారు వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు.

"అన్నయ్య గారూ, మా ఆయన గోడ దూకేరంటండీ," అన్నారు.

"ఎవరు దూకారు?"

"మా ఆయనేనండీ."

ఇద్దరం కాసేపు ఆ దృశ్యాన్ని ఊహించుకోవడానికి ప్రయత్నించాం. నా వల్ల కాలేదు. ఆవిడ వల్లా కాలేదని ముఖం చూస్తే తెలిసింది. మృత్యుంజయం భారీ మనిషి. వంటశాలలో ఎత్తు పీట వేసుకుని కూర్చుని, గరిట చూపిస్తూ పదిమంది చేత పని చేయించే మనిషి. కుడి మోకాలు ఎప్పుడో మొరాయించింది. మా అరుగు మెట్లు ఎక్కాలన్నా ఒక చేత్తో స్తంభాన్నీ, ఇంకో చేత్తో నన్నూ పట్టుకుంటాడు.

మండపంలో సామాను పోయిందని కమిటీ ఫిర్యాదు చేస్తే, ఎప్పుడూ అక్కడ వండేవాడు కదా అని ఇతన్ని పట్టుకున్నారు. అతను ఒప్పుకున్నట్టు పోలీసులు రాసిన వాంగ్మూలం ప్రకారం జరిగింది ఇది. అమావాస్య రాత్రి మృత్యుంజయం ఒక్కడే కల్యాణ మండపం వెనక గోడ దూకాడు. స్టోరు గది వెంటిలేటరులోంచి లోపలికి దిగాడు. అక్కడున్న ఇత్తడి గంగాళాన్ని భుజాన వేసుకుని, వచ్చిన దారినే బయటికి పోయాడు. తిన్నగా బస్టాండుకి వెళ్ళి, గుర్తు తెలియని వ్యక్తికి దాన్ని అమ్మేశాడు. రాత్రివేళ చొరబడి చేసిన దొంగతనం కాబట్టి ఇది చిల్లర కేసు కాదు. రుజువైతే ఏళ్ళ తరబడి లోపల కూర్చోవాలి.

ఆ గంగాళం నాకు బాగా తెలుసు. మా ఊళ్ళో పెద్ద పెళ్ళిళ్ళన్నిటికీ సాంబారు అందులోనే కాగింది. చిన్నప్పుడు దాగుడుమూతలాడుతూ ముగ్గురం పిల్లలం అందులో దూరి మూత పెట్టుకునేవాళ్ళం. ఆ వెంటిలేటరూ నాకు తెలుసు. అందులోంచి పావురం వెళ్ళాలన్నా కాస్త ఆలోచించుకోవాలి.

నేను స్టేషనుకి వెళ్ళేసరికి సి.ఐ. పరాంకుశరావు గారు మంచి హుషారుగా ఉన్నారు. ఆయన కొత్తగా వచ్చారు. ఉత్సాహం ఉన్న అధికారిని చూస్తే నాకు మొదటినుంచీ భయం. సోమరి అధికారి దగ్గర కేసు నిద్రపోతుంది, అంతే. ఉత్సాహవంతుడి దగ్గర అది పెరిగి పెద్దదవుతుంది.

"సార్, గంగాళం వెంటిలేటర్లో పట్టదండీ," అన్నాను.

"పట్టినట్టు వాంగ్మూలంలో ఉంది," అన్నారాయన.

పక్కన హెడ్ కానిస్టేబుల్ యేసుపాదం తల వంచుకుని కంప్యూటరు కేసి చూస్తున్నాడు. బయటికొచ్చాక టీ కొట్టు దగ్గర పట్టుకుని అడిగితే సంగతి చెప్పేశాడు. మంచివాడు, మనసులో ఏదీ దాచుకోలేడు.

"పాత కేసొకటుందండీ. ఆ దొంగ ఊచలాగుంటాడు. వెంటిలేటర్లోంచి దూరి వెండి గ్లాసు పట్టుకుపోయేడు. ఆ వాంగ్మూలం భలే కుదిరిందండీ, కోర్టులో కూడా మెచ్చుకున్నారు. అదే తీసి పేరు మార్చేనండి. వెండి గ్లాసున్న చోటల్లా ఇత్తడి గంగాళం అని కొట్టేనండి."

"మరి దారి మార్చొద్దుటయ్యా?"

"సారు అర్జెంటన్నారండి. ఆయ్."

మళ్ళీ లోపలికి వెళ్ళి, పోనీ వాంగ్మూలం సవరించండి అని సి.ఐ. గారిని బతిమాలాను. ఆయన ఒక సర్క్యులరు తీసి నిలబడి చదివారు. "పోర్టల్ నందు ఒకసారి నమోదైన వాంగ్మూలమును సవరించుటకు వీలు లేదు. సదరు వాంగ్మూలమునకును వాస్తవమునకును మధ్య వ్యత్యాసము కనుగొనబడిన యెడల, సదరు వ్యత్యాసమును సత్వరమే తొలగించవలెను."

ఏ వైపు నుంచి తొలగించాలో సర్క్యులరులో లేదు. వాంగ్మూలం వైపు నుంచి కుదరదని పై వాక్యంలోనే తేల్చేశారు కాబట్టి, ఇక మిగిలింది వాస్తవమే.

ఇక్కడ చట్టం సంగతి కొంచెం చెప్పాలి. పోలీసుల ముందు చేసిన నేరాంగీకారం కోర్టులో చెల్లదు. ఇది పోలీసులకీ తెలుసు. అందుకే ముద్దాయిని నేరం జరిగిన చోటికి తీసుకెళ్ళి, ఎలా చేశాడో మళ్ళీ చేయించి వీడియో తీస్తారు. పెళ్ళిలో ఫోటోలవాడు సరిగ్గా పడలేదని తాళి ఇంకోసారి పట్టుకోమంటాడే, అలాగన్నమాట. సరిగ్గా అప్పుడే పైనుంచి 'నేర దృశ్య పునర్నిర్మాణ పక్షోత్సవాలు' జరపమని ఉత్తర్వు వచ్చింది. ఏ స్టేషను ఎంత బాగా పునర్నిర్మిస్తే దానికి అన్ని నక్షత్రాలు. మా స్టేషను చేతిలో ఉన్న ఒకే ఒక్క నేరం మృత్యుంజయంది. పరాంకుశరావు గారి ఆశలన్నీ ఆ మోకాలి మీదే ఉన్నాయి.

బెయిలు దొరికింది. రోజూ పొద్దున్నే స్టేషనుకి హాజరు కావాలని షరతు. ఆ సాయంత్రం మృత్యుంజయం మా అరుగు మీద కూలబడి, చెయ్యి నడుం దగ్గర పెట్టుకుని ఏదో తడుముకుంటూనే ఉన్నాడు.

"ఏం పోయిందయ్యా?" అన్నాను.

"తాళమండీ," అన్నాడు.

తర్వాత చాలాసేపు మాట్లాడాడు. నేనెప్పుడూ అతను అంతసేపు మాట్లాడగా వినలేదు. "జైలంటే నాకు బెంగ లేదండీ. అక్కడా నలుగురికీ వండి పెట్టుకుంటాను. తాళం సంగతే నా బాధ. ముహూర్తం కుదరగానే పెళ్ళికూతురి తండ్రి నన్ను పిలిచి కొట్టు గది తాళం నా చేతిలో పెడతాడండీ. అందులో నెయ్యి ఉంటది, జీడిపప్పు ఉంటది, యాలకులు, కుంకుంపువ్వు ఉంటాయి. బావమరిదికి ఇవ్వని తాళమండీ అది. నాకిస్తారు. దొంగకి ఎవడిస్తాడు చెప్పండి? ఎవరో పక్కన నించుని నెయ్యి కొలిచి పోస్తా ఉంటే నేను వండలేనండీ. చెయ్యి రాదు."

జాలి బయటపడకుండా కసిరాను. "సరేలే. రేపు వాళ్ళు ఏం చెయ్యమంటే అది చెయ్యి. మనస్ఫూర్తిగా చెయ్యి."

"దొంగతనమాండీ?"

"ఆఁ. నిజాయితీగా చెయ్యి. నీకు ఎంత చేతనైతే అంత."

నా డిఫెన్సు మొత్తం అదే. ఇన్నేళ్ళ ప్రాక్టీసులో ఇంత చిన్న డిఫెన్సు నేనెప్పుడూ తయారు చేసుకోలేదు.

మర్నాడు మండపం వెనక గోడ దగ్గర పోలీసులు, వీడియో వాళ్ళు, మండపం కమిటీ కార్యదర్శి, సగం ఊరు. నన్ను కూడా రమ్మన్నారు. డిఫెన్సు వారు హాజరైతే ఒక నక్షత్రం అదనం. వాంగ్మూలంలో అమావాస్య రాత్రి అని ఉంది. కానీ కొత్తగా కొన్న డ్రోను రాత్రిపూట ఎగరదు. అందుకని పట్టపగలు పెద్ద షామియానా వేసి, చుట్టూ నల్ల టార్పాలిన్లు కట్టారు. లోపల ఏమీ కనబడలేదు. చీకటి వీడియోలో స్పష్టంగా కనబడాలని నాలుగు మూలలా లైట్లు పెట్టారు.

"ముద్దాయి గోడను అధిరోహించవలెను," అన్నారు సి.ఐ. గారు మైకులో.

మృత్యుంజయం పంచె ఎగ్గట్టి, గోడ మీద రెండు చేతులూ వేసి, దణ్ణం పెట్టుకుని ఎగిరాడు. ఎగిరాడని అతను అన్నాడు. నాకు మడమలు లేచినట్టు కూడా కనబడలేదు.

"నిచ్చెన వేద్దామాండీ?" అన్నాడు యేసుపాదం.

"వాంగ్మూలంలో నిచ్చెన లేదు."

"పోనీ పీట?"

"పీటా లేదు."

మృత్యుంజయం ఇంకోసారి ప్రయత్నించాడు. మోకాలు గోడకి కొట్టుకుని అక్కడే చతికిలబడ్డాడు. జనంలోంచి ఎవరో సోడా పట్టుకొచ్చారు. ముద్దాయికి నేరం మీద పట్టు లేదని గ్రహించిన సి.ఐ. గారు శిక్షణ ఏర్పాటు చేశారు. స్టేషను వెనక మైదానంలో డ్రిల్లు మాస్టారు ప్రతి పొద్దునా మృత్యుంజయం చేత గుంజీలు తీయించాడు, తాడు ఎక్కించబోయాడు, ఇసక బస్తాలు మోయించాడు. మృత్యుంజయం పాపం ఏమీ దాచుకోకుండా శక్తంతా పెట్టాడు. మధ్యలో విశ్రాంతి ఇచ్చినప్పుడు కానిస్టేబుళ్ళ మెస్సులో కూర్చుని, పప్పులో పోపు ఎందుకు మాడుతోందో వాళ్ళకి చెప్పాడు. ఆ పక్షం రోజులూ మా స్టేషనులో అందరూ వేళకి భోంచేశారు. గోడ మాత్రం అలాగే ఉంది.

చివరికి డ్రిల్లు మాస్టారు చేతులెత్తేశాడు. "సార్, నేను ఎందరికో నేర్పేను. ఈయనకి దొంగతనం రాదు సార్," అని రాసిచ్చేశాడు.

అప్పుడు సర్క్యులరు ప్రకారం వ్యత్యాసాన్ని తొలగించే పని మొదలైంది. ముద్దాయి గోడకి తగ్గట్టు పెరగడు కాబట్టి, గోడనే ముద్దాయికి తగ్గట్టు తగ్గించాలని తీర్మానించారు. "నేర స్థలమును ముద్దాయి యొక్క శారీరక స్థితికి అనుగుణముగా సవరించడమైనది," అని రాసుకున్నారు. తాపీ మేస్త్రీ వచ్చి పైవరసలు తీసేశాడు. అయినా చాలలేదు. ఇంకొన్ని తీశాడు. ఆఖరికి గోడ మా అరుగంత అయ్యాక, ఇద్దరు కానిస్టేబుళ్ళు కింద వంగుని నడుం పట్టి ఎత్తితే మృత్యుంజయం అవతలికి వెళ్ళాడు. వాళ్ళిద్దరూ వాంగ్మూలంలో లేరు. అందుకని కెమెరాకి కనబడకుండా చీకట్లో వంగమన్నారు. కానీ చీకట్లో లైట్లున్నాయి కదా, టోపీలు కనబడ్డాయి.

ఇక వెంటిలేటరు. దాన్ని పగలగొట్టి పెద్దది చెయ్యాల్సి వచ్చింది. ముందు మృత్యుంజయం తల పట్టేంత చేశారు, తర్వాత భుజాలు పట్టేంత, తర్వాత మిగతాది పట్టేంత. మేస్త్రీ పని ఆపి, "సార్, ఇంక దీనికి తలుపు పెడితే గుమ్మమండీ," అన్నాడు.

మృత్యుంజయానికి అప్పటికి ఆయాసం వస్తోంది. "ఏవండీ, పక్కనే తలుపుంది గదండీ," అన్నాడు చెమట తుడుచుకుంటూ. "శుక్రవారం పెళ్ళికని ఇచ్చిన ఈ గది తాళం ఆ రోజుల్లో నా మొల్లోనే ఉంది గదండీ. తలుపు తీసుకుని లోపలికెళ్ళేవాణ్ణి గదా, ఈ తిప్పలన్నీ నేనెందుకు పడతానండీ?"

సి.ఐ. గారు జాలిగా చూశారు. "తలుపు తీసుకుని వెళ్తే అది దొంగతనం కాదయ్యా. వంట."

ఈ మాట నేను జేబులో వేసుకున్నాను. కోర్టులో పనికొస్తుందని.

తర్వాత గంగాళం కావాల్సి వచ్చింది. అసలుది పోయింది కదా, నమూనాగా ఇంకోటి తెప్పించండి అన్నారు సి.ఐ. గారు. యేసుపాదం పోలీసు క్వార్టర్సుకి వెళ్ళి, అక్కడి షెడ్డులో బోర్లించి ఉన్న ఒక ఇత్తడి గంగాళాన్ని ట్రాలీ ఆటోలో వేసుకొచ్చాడు. మృత్యుంజయం లోపలి నుంచి తోస్తున్నాడు. ఇద్దరు కానిస్టేబుళ్ళు బయటి నుంచి, వాంగ్మూలంలో లేకుండా, లాగుతున్నారు. వెంటిలేటరు అంత పెద్దదైనా గంగాళం సగం బయటికొచ్చి ఇరుక్కుంది. ఆ ఇరుక్కోవడంలో దాని అంచు సరిగ్గా నా ముఖం ఎదటికి తిరిగింది.

మా వైపు పాత్రల మీద పేర్లు కొట్టించడం ఉంది కదా. గ్లాసు మీద కూడా కొట్టిస్తాం. ఆ అంచు మీద చుక్కల అక్షరాలతో ఇలా ఉంది: 'కీ.శే. పేరిచర్ల సుభద్రాయమ్మ జ్ఞాపకార్థం అద్దరిపేట కల్యాణ మండపమునకు.'

నేను చదివాను. పక్కన కార్యదర్శి చదివాడు. యేసుపాదం చదివి టోపీ తీసి నెత్తి గోక్కున్నాడు. అప్పుడు గుర్తొచ్చినట్టుంది, నా చెవిలో సంగతి చెప్పాడు. పాత సి.ఐ. గారు బదిలీ మీద వెళ్ళినప్పుడు క్వార్టర్సులో విందుకని, ఆ గంగాళాన్ని మండపం నుంచి పోలీసులే పట్టుకెళ్ళారు. మండపం వాచ్‌మన్‌కి నోటిమాటగా చెప్పారు. ఆ వాచ్‌మన్ తర్వాతి నెలలో పని మానేసి వాళ్ళ ఊరెళ్ళిపోయాడు. విందయ్యాక పాత్రని ఎవరు తిరిగివ్వాలో ఎవరికీ అప్పజెప్పలేదు. అదీ దొంగతనం.

"సార్," అన్నాడు యేసుపాదం మెల్లిగా, "దీని మీద మండపం పేరుందండి."

సి.ఐ. గారు వంగి చదివారు. ఒక్క క్షణం ఆయన ముఖంలో కాస్త కదలిక కనబడింది. తర్వాత సర్దుకున్నారు. "నమూనా అన్నది అసలును పోలి ఉండవలెను. ఇది పేరుతో సహా పోలి ఉంది. నాణ్యత అంటే ఇదయ్యా."

"ఇది అసలుదేనేమోనండీ," అన్నాడు కార్యదర్శి.

"ఎలా అవుతుంది? అసలు దానిని గుర్తు తెలియని వ్యక్తికి అమ్మివేసినట్టు వాంగ్మూలంలో స్పష్టంగా ఉంది."

నేను అడ్డు చెప్పలేదు. పైగా చాలా బాగా కుదిరింది సార్, దీన్ని తప్పకుండా కోర్టులో ప్రవేశపెట్టండి అన్నాను. అబద్ధమెందుకు, ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

మిగిలింది బస్టాండు దృశ్యం. గంగాళం కొనడానికి గుర్తు తెలియని వ్యక్తి కావాలి. యేసుపాదం తన బావమరిదిని పిలిపిస్తానన్నాడు.

"నీకు తెలిసినవాడు గుర్తు తెలియని వ్యక్తి ఎట్లా అవుతాడు?" అన్నారు సి.ఐ. గారు.

ఊళ్ళో ఎవరిని పిలిచినా ఎవరికో ఒకరికి తెలిసినవాడే అయ్యాడు. చివరికి బస్సు దిగిన ఒక పొరుగూరు మనిషిని పట్టుకున్నారు. పేరు అడగబోయిన కానిస్టేబుల్‌ని సి.ఐ. గారు కసురుకున్నారు, అడిగితే తెలిసిపోతుంది కదా. ఆ మనిషి గంగాళాన్ని ఎగాదిగా చూసి, "నాకెందుకండీ ఇంత గిన్నె? మా ఇంట్లో ఉండేది ఇద్దరం," అన్నాడు. కాసేపు పట్టుకుంటే చాలన్నారు. పట్టుకున్నాడు. వీడియో తీశారు. ఇచ్చిన టీ తాగి తన దారిన తను పోయాడు. ఈ కేసులో వాంగ్మూలానికి అచ్చంగా సరిపోయిన మనిషి అతనొక్కడే.

కోర్టులో మా మేజిస్ట్రేటు గారు ఆ వీడియో మొత్తం చూశారు. ఆవిడ తక్కువ మాట్లాడతారు. వెనక డప్పుల సంగీతం కూడా పెట్టారు పోలీసులు. మృత్యుంజయం గోడ దాటుతుంటే డప్పులు జోరందుకున్నాయి. బోనులో అతను తలెత్తలేదు. చెయ్యి నడుం దగ్గరే ఉంది.

సి.ఐ. గారిని క్రాస్ చెయ్యడానికి లేచాను. "ఇన్‌స్పెక్టరు గారూ, ముద్దాయి కింద కనబడుతున్న ఆ రెండు టోపీలు ఎవరివండీ?"

"సదరు టోపీలు వాంగ్మూలంలో లేవు."

"ముద్దాయి దగ్గర ఆ గది తాళం ఉందా?"

"ఉంది."

"మరి తలుపు తీసుకుని ఎందుకు వెళ్ళలేదంటారు?"

"తలుపు తీసుకుని వెళ్తే అది వంట అవుతుంది. దొంగతనం కాదు," అన్నారాయన, అలవాటుగా. మేజిస్ట్రేటు గారు కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు.

"మీ ముందున్న ఆ నమూనా గంగాళం మీద ఏం రాసుందో కొంచెం చదివి వినిపిస్తారా?"

ఆయన చదవలేదు. నమూనాల మీది అక్షరాలు చదువుటకు తనకు అధికారము లేదన్నారు. అప్పుడు మేజిస్ట్రేటు గారే కుర్చీలోంచి లేచి, దిగి వచ్చి, గంగాళం చుట్టూ ఒక ప్రదక్షిణం చేసినట్టు తిరిగి చదివారు. కార్యదర్శిని పిలిచి, పోయిన గంగాళం మీద ఏమని ఉందని అడిగారు. అతను చూడకుండా అప్పజెప్పాడు. అక్షరం పొల్లుపోలేదు. ఇది ఎక్కడినుంచి వచ్చిందని యేసుపాదాన్ని అడిగారు.

"మా క్వార్టర్సులోంచండీ."

"అక్కడికి ఎట్లా వచ్చింది?"

"మేమే తెచ్చుకున్నామండీ, విందుకి. తిరిగివ్వడం కుదర్లేదండి. ఆయ్."

దొంగతనమే జరగలేదని తీర్పు వచ్చింది. గంగాళం మండపానికి చేరింది. మృత్యుంజయం నిర్దోషి. ఆ వారంలోనే మా స్టేషనుకి పక్షోత్సవాల్లో మొదటి బహుమతి కూడా వచ్చింది. జరగని నేరాన్ని ఇంత బాగా పునర్నిర్మించిన స్టేషను ఇంకోటి లేదట.

నేను గెలిచాననుకున్నాను. తప్పు. తీర్పు కాగితం ఊళ్ళో ఒక్కడూ చదవలేదు. వీడియో మాత్రం ప్రతి ఫోనులోనూ ఉంది. మృత్యుంజయం గోడ దాటడం, వెంటిలేటర్లో దూరడం, గంగాళంతో బయటికి రావడం, డప్పులతో సహా అందరూ కళ్ళారా చూశారు. కోర్టు కాదంటే మాత్రం కళ్ళతో చూసింది అబద్ధమవుతుందా? పెళ్ళిళ్ళవాళ్ళు అతన్ని పిలవడం మానలేదు, పులిహోర కావాలి కదా. కానీ తాళం బావమరిదికిచ్చారు. బావమరిది పక్కన నించుని నెయ్యి కొలిచి పోశాడు. రెండు పెళ్ళిళ్ళు అలా వండి, మృత్యుంజయం ఇంట్లో కూర్చున్నాడు. భ్రమరాంబ గారు వచ్చి, "మీరు గెలిపించేరు అన్నయ్య గారూ, కానీ ఆయన పొయ్యి దగ్గరికే వెళ్ళట్లేదు," అంటే నాకు సిగ్గేసింది.

అలా ఉండగా ఒకనాడు సి.ఐ. పరాంకుశరావు గారు మామూలు బట్టల్లో మా ఇంటికొచ్చారు. వాళ్ళమ్మాయికి ఓణీల ఫంక్షను. మృత్యుంజయాన్ని పిలిపించమన్నారు. అతను వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. సి.ఐ. గారు జేబులోంచి తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టారు.

"కొట్టు గదిది. సరుకంతా అందులో ఉంది. నేను లెక్క చూడను."

మృత్యుంజయం దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నాకెందుకిస్తున్నారండీ?"

"మా డిపార్టుమెంటంతా కూడి పక్షం రోజులు నేర్పినా నీకు దొంగతనం రాలేదయ్యా," అన్నారాయన, మైకు లేకుండా. "నీ అంత నమ్మకస్తుడు ఈ జిల్లాలో లేడు. ఆ సంగతి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదు."

మృత్యుంజయం తాళంచెవిని మొలకి దోపుకుని, కళ్ళు తుడుచుకుని, "కుంకుంపువ్వు మంచిదేనాండీ?" అని అడిగాడు. ఆ ఉత్సాహవంతుడి మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది. అక్కడితో ఆగి ఉంటే అది నిలిచేది కూడా.

ఆయన ఆగలేదు. డ్రిల్లు మాస్టారు రాసిచ్చిన ముక్కని ఆధారం చేసుకుని, మృత్యుంజయానికి ముద్ర వేసి ఒక సర్టిఫికెట్ ఇచ్చారు: 'ఇతడు దొంగతనమునకు అనర్హుడని ధ్రువీకరించడమైనది.' మృత్యుంజయం దాన్ని పటం కట్టించి వంటశాలలో పెట్టుకున్నాడు. ఊరు సర్దుకుంది, తాళాలు తిరిగొచ్చాయి. అయితే పెళ్ళిళ్ళవాళ్ళు మిగతా వంటవాళ్ళని కూడా, నీ సర్టిఫికెట్ ఏది అని అడగడం మొదలెట్టారు. వాళ్ళందరూ స్టేషను ముందు వరస కట్టారు. పైవాళ్ళు ముచ్చటపడి దాన్ని పథకం చేసేశారు. మండపం వెనక గోడ దగ్గరే పరీక్ష: గోడ ఎక్కి, వెంటిలేటరులో దూరి, గంగాళంతో బయటికి రాలేకపోతే సర్టిఫికెట్.

ఆ గోడని ఇప్పటికీ ఎవరూ తిరిగి కట్టలేదు. వెంటిలేటరు అలాగే గుమ్మంలా ఉంది. ఈ సంగతి పరీక్ష పెట్టినవాళ్ళకి తోచలేదు.

మొదటి రోజు మొదటి అభ్యర్థి మిఠాయి నూకరాజు. సన్నటి మనిషి, జాంగ్రీ చుట్టడంలో మా తాలూకాలో అతనికి సాటి లేదు. పరీక్ష అన్నారు కదా అని శ్రద్ధగా చేశాడు. గోడ మీంచి ఇలా కాలు తీసి అలా వేశాడు, వెంటిలేటరులోంచి తిన్నగా నడిచాడు, గంగాళాన్ని నెత్తిన బోర్లించుకుని, ఎక్కడా ఇరికించకుండా పక్కకి వంచి ఒడుపుగా బయటికొచ్చి, "పాసయ్యానాండీ?" అని అడిగాడు.

అక్కడికక్కడే పట్టుకున్నారు. నేను స్టేషనుకి పరిగెత్తాను.

"సార్, గంగాళం మండపంలోనే ఉంది కదండీ. దొంగతనం జరగలేదని తీర్పు కూడా వచ్చింది."

"మండపంలో ఉంది. పోర్టల్లో లేదు," అన్నారు సి.ఐ. గారు. "తీర్పును అనుసరించి ముద్దాయి పేరు గడి మాత్రం ఖాళీ చేయబడినది. వాంగ్మూలం అలాగే ఉన్నది. సదరు వాంగ్మూలానికి అక్షరాలా సరిపోయే వ్యక్తి ఇన్నాళ్ళకు దొరికాడు." ఆయన ముఖంలో నిజమైన సంతోషం ఉంది.

నిన్న సాయంత్రం బెయిలు మీద నూకరాజు మా అరుగు మీద కూర్చున్నాడు. పక్కన మృత్యుంజయం, అతని కోసం పెసరట్లు పట్టుకొచ్చాడు. కోర్టులో ఏం వాదిస్తారండీ అని నూకరాజు దిగులుగా అడిగాడు.

"పునర్నిర్మాణం అడుగుదాం," అన్నాను. "మళ్ళీ గోడ ఎక్కమంటారు. ఈసారి నీకు రాకూడదు. అంతే."

నూకరాజు పెసరట్టు పక్కన పెట్టేశాడు. "వచ్చింది రానట్టు చెయ్యడం నాకు చేతకాదండీ. ఎలా చెయ్యాలో కూడా తెలీదు."

మృత్యుంజయం నా భుజం పట్టుకుని, స్తంభం పట్టుకుని, మెల్లిగా లేచి నిలబడ్డాడు. పంచె ఎగ్గట్టాడు. మొలలో తాళంచెవులు గలగలమన్నాయి.

"బెంగెట్టుకోకు నూకరాజూ," అన్నాడు. "పొద్దున్నే మైదానానికి వచ్చెయ్. నేను నేర్పుతాను."